రోగరహస్యాన్వేషి – సర్ రోనాల్డ్ రాస్

హైదరాబాదు మహానగరంలో నిత్యం జనసమ్మర్దంతో కిటకిటలాడే ప్రాంతాలలో అమీర్‌పేట, పంజాగుట్టలు ముఖ్యమైనవి. పంజాగుట్టలోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థకు దూరప్రాంతాల నుండి రోగులు ఆశతో వస్తారు. ఈ రెండు పేటల చుట్టుపక్కల చిన్నవీ పెద్దవీ అయిన వైద్యశాలలు అనేకం వెలశాయి. ఈ ప్రాంతాన్ని ఆనుకొని ఉన్నదే బేగంపేట. అక్కడ పూర్వపు విమానాశ్రయానికి సమీపాన, చెట్ల నీడలో ఒక పాత భవనం ఉంది. ఆ దారిన పోయేవారిలో దానివైపు తలతిప్పి చూసేవారు అరుదు. పందొమ్మిదో శతాబ్దం చివర అది సికింద్రాబాదు దండు ప్రదేశానికి చెందిన సైనిక వైద్యశాల. 1897 ఆగస్టు 20వ తేదీన మానవజాతిని యుగయుగాలుగా పీడిస్తున్న మలేరియా వ్యాధి గుట్టు అక్కడే బయటపడింది. ఆ గుట్టు విప్పినవాడు సర్ రోనాల్డ్ రాస్.

వైద్యశాల రోగిని స్వస్థపరచే చోటు. అయితే రోగం ఎలా సంక్రమిస్తుందో తెలియని కాలంలో వైద్యశాలే రోగానికి నెలవు అయ్యేది. వియన్నా నగరంలోని ప్రసూతి విభాగంలో బాలింతలు జ్వరంతో వరుసగా మరణిస్తుంటే, సెమ్మెల్‌వైస్ అనే యువవైద్యుడు దానికి కారణం వైద్యుల చేతులేనని 1847లో గుర్తించాడు. శవపరీక్ష చేసిన చేతులను క్లోరిన్ కలిపిన సున్నపు ద్రావణంతో కడుక్కొన్న తరువాతనే ప్రసూతి గదిలోకి రావాలని నియమం పెట్టాడు. మరణాలు గణనీయంగా తగ్గాయి. అయినా సాటి వైద్యులు చాలాకాలం ఆయన మాటను మన్నించలేదు. ఒక చోట రోగం ప్రబలినప్పుడు అది ఎవరి నుండి ఎవరికి, ఏ మార్గాన పోతున్నదో కనిపెట్టడం చికిత్సకంటె ముందు జరగవలసిన పని. రాస్ జీవితమంతా ఆ మార్గాన్వేషణతోనే గడిచింది.

రోనాల్డ్ రాస్ 1857 మే 13న హిమాలయ పాదాలలోని అల్మోరాలో జన్మించాడు. తండ్రి కాంప్‌బెల్ రాస్ భారతదేశంలోని ఆంగ్ల సైన్యంలో ఉన్నతాధికారి. పదిమంది సంతానంలో రోనాల్డ్ జ్యేష్ఠుడు. ఎనిమిదేండ్ల ప్రాయంలో చదువుకోసం అతనిని ఇంగ్లండుకు పంపారు. బంధువుల ఇంట పెరిగిన ఆ బాలునికి కవిత్వం, సంగీతం, చిత్రలేఖనం ప్రాణసమానాలయ్యాయి. గణితంలోనూ బహుమతి పొందాడు. చిత్రకారుడో రచయితో కావాలని అతని కోరిక. కుమారుడు వైద్యుడై భారతదేశంలో ప్రభుత్వ కొలువు చేయాలని తండ్రి సంకల్పం. తండ్రి మాట కాదనలేక 1874లో లండనులోని సెయింట్ బర్తలోమ్యూ వైద్య కళాశాలలో చేరాడు. మనసు లేని చదువు కావడంతో పద్యాలు, నాటకాలు రాస్తూ కాలం గడిపాడు. ఒక పరీక్షలో తప్పి, కొంతకాలం అట్లాంటిక్ సముద్రం మీద తిరిగే ఓడలో వైద్యుడుగా పనిచేసి, తిరిగి పరీక్ష రాసి 1881లో ఉత్తీర్ణుడయ్యాడు. అదే సంవత్సరం భారత వైద్య సేవలో ప్రవేశించి మద్రాసు చేరాడు.

తొలి సంవత్సరాలలో రాస్ వైద్యవృత్తి మీద పెద్దగా శ్రద్ధ చూపలేదు. మద్రాసు, బెంగుళూరు, బర్మా, అండమాను దీవులలో ఉద్యోగం చేస్తూ, తీరిక వేళల్లో గణితమూ కవిత్వమూ అభ్యసించాడు. అయితే 1883లో బెంగుళూరులో జరిగిన ఒక చిన్న సంఘటన అతని స్వభావాన్ని తెలుపుతుంది. అతడు నివసించిన బంగళాలో దోమల బెడద విపరీతం. కారణమేమిటా అని వెదకగా, కిటికీ బయట ఉంచిన నీటితొట్టిలో దోమపిల్లలు పురుగులవలె కదలాడుతూ కనిపించాయి. తొట్టిని బోర్లించగానే దోమలు చాలావరకు తగ్గిపోయాయి. అధికారుల భోజనశాలలో కూడ అలాగే చేద్దామని రాస్ సూచించాడు. దోమలు ప్రకృతిసిద్ధమైనవని, వాటిని భరించడమే తగినదని చెప్పి ఆ సూచనను తోసిపుచ్చారు. నీరు నిలవకుండ చేస్తే దోమలుండవన్న సత్యాన్ని రాస్ ఆనాడే గ్రహించాడు. ఆ దోమలకూ చలిజ్వరానికీ గల సంబంధం మాత్రం అప్పటికి అతని ఊహకు అందలేదు.

మన పల్లెల్లో చలిజ్వరమని, మన్యజ్వరమని పిలిచే వ్యాధినే ఆయుర్వేదజ్ఞులు విషమజ్వరాలలో చేర్చారు. రోజు విడిచి రోజు, లేదా రెండు రోజులు విడిచి, గడియ తప్పకుండ వణుకుతో వచ్చే ఆ జ్వరం ఎందుకు వస్తుందో ఎవరికీ తెలియదు. బురద నేలల నుండి లేచే చెడుగాలే దీనికి మూలమని పాశ్చాత్యులు తలచారు. మలేరియా అనే ఇటలీ భాషా పదానికి చెడుగాలి అనియే అర్థం. 1880లో అల్జీరియాలో పనిచేస్తున్న ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ రోగుల రక్తంలో సజీవమైన సూక్ష్మక్రిములను చూశాడు. గాలి కాదు, క్రిమి కారణమని తేలింది. ఆ క్రిమి ఒక రోగి రక్తంలో నుండి మరొకని రక్తంలోకి ఏ దారిన చేరుతున్నదన్న ప్రశ్న మాత్రం అలాగే నిలిచిపోయింది.

1888లో సెలవు మీద ఇంగ్లండు వెళ్లిన రాస్ ప్రజారోగ్య శాస్త్రంలో పట్టా పొంది, సూక్ష్మజీవశాస్త్రంలో శిక్షణ తీసుకొన్నాడు. మరుసటి సంవత్సరం రోసా బ్లాక్సమ్‌ను వివాహం చేసుకొన్నాడు. 1894లో మరల ఇంగ్లండు వెళ్లినప్పుడు పాట్రిక్ మాన్సన్ అనే అనుభవజ్ఞుడైన వైద్యుని పరిచయం కలిగింది. ఈ పరిచయమే రాస్ జీవితాన్ని మలుపు తిప్పింది. చైనాలో పనిచేసిన కాలంలో మాన్సన్, బోదకాలు వ్యాధికి సంబంధించిన సూక్ష్మమైన పురుగులు దోమ శరీరంలో పెరుగుతాయని కనుగొన్నాడు. మలేరియా క్రిమికి కూడ దోమే వాహనమై ఉండవచ్చునని అతని ఊహ. లావెరాన్ చూసిన క్రిములను మాన్సన్ సూక్ష్మదర్శినిలో స్వయంగా చూపించాడు. అప్పటివరకు ఆ క్రిముల ఉనికినే శంకించిన రాస్‌కు సందేహం తీరింది. ఊహను రుజువు చేసే బాధ్యతను గురువు శిష్యుని భుజాల మీద ఉంచాడు.

1895లో రాస్ తిరిగి వచ్చి సికింద్రాబాదులో పందొమ్మిదవ మద్రాసు పదాతి దళానికి వైద్యుడుగా చేరాడు. బేగంపేటలోని సైనిక వైద్యశాల అతని ప్రయోగశాల అయింది. ఉదయం రోగులను చూడడం, మధ్యాహ్నం వారి రక్తాన్ని పరీక్షించడం, దోమలను పెంచడం, అవి రోగిని కుట్టిన తరువాత కోసి చూడడం అతని దినచర్య. దోమను కోయడమంటే సామాన్యమైన పని కాదు. సూదిమొనలతో దాని పొట్టను వేరుచేసి, గాజుపలక మీద పరచి, కణం వెంట కణం పరిశీలించాలి. ఒక్కొక్క దోమకు గంటల కాలం పట్టేది. చూసినదంతా నాటికి నాడు రాసి మాన్సన్‌కు పంపేవాడు. ఆ విధంగా అతడు గురువుకు రాసిన లేఖలు వందకు మించాయి.

అన్వేషణ మార్గంలో పొరపాట్లూ జరిగాయి. చచ్చిన దోమలు పడిన నీటిని తాగడం వల్ల జ్వరం వస్తుందని మాన్సన్ భావించాడు. రాస్ ఆ భావనను పరీక్షించదలచి అలాంటి నీటిని కొందరి చేత తాగించాడు. ఒకరికి కొద్దిపాటి జ్వరం వచ్చినా రక్తంలో క్రిములు కానరాలేదు. డబ్బు ఆశచూపి పేదవారి మీద అటువంటి ప్రయోగం చేయడాన్ని నేటి వైద్యనీతి అంగీకరించదు. ఆనాటి వైద్యులకు అది తప్పుగా తోచలేదు. రెండో పొరపాటు దోమల జాతికి సంబంధించినది. సులభంగా దొరికే బూడిదరంగు దోమలను, చారల దోమలను పట్టి రాస్ రెండేండ్లు పరీక్షించాడు. మలేరియా క్రిమి వాటిలో పెరగదు. వెదకవలసిన దోమ వేరొకటి. ఈ సంగతి అతనికి తెలియదు. తెలియజెప్పే గ్రంథమూ అతనికి లభించలేదు.

ఇంతలో 1895 సెప్టెంబరులో బెంగుళూరులో కలరా ప్రబలింది. దానిని అదుపుచేయడానికి ప్రభుత్వం రాస్‌ను అక్కడికి పంపింది. మలేరియా పరిశోధన ఆగిపోయిందని అతడు బాధపడ్డాడు. అయితే ఒక నగరంలో మహమ్మారి వ్యాపించినప్పుడు వైద్యుడు గదిలో కూర్చుంటే చాలదని, బావులూ మురుగుకాల్వలూ తిరిగి చూడాలని ఆ ఉద్యోగం అతనికి నేర్పింది. 1854లో లండనులో జాన్ స్నో అనే వైద్యుడు కలరాతో మరణించినవారి ఇండ్లను పటంలో గుర్తించి, వారిలో ఎక్కువమంది ఒకే చేతిపంపు నీరు తాగారని నిరూపించిన ఉదంతం అప్పటికే వైద్యలోకానికి తెలుసు. రోగి ఎవరు, ఎప్పుడు పడ్డాడు, ఎక్కడ పడ్డాడు అనే మూడు ప్రశ్నలకు సమాధానం సేకరిస్తే రోగం వచ్చిన దారి తెలుస్తుంది. వైద్యశాలలో రోగం వ్యాపించినా, పట్టణంలో వ్యాపించినా వెదకే పద్ధతి ఒక్కటే.

1897 ప్రథమార్ధంలో రాస్ సెలవు పెట్టి నీలగిరులకు వెళ్లాడు. అక్కడి సీగూరు లోయలో మలేరియా విపరీతమని విని పరిశోధనకు దిగి, తానే ఆ జ్వరం పాలయ్యాడు. కోలుకొన్న తరువాత ఆ ప్రాంతంలో ఒక కొత్తరకం దోమను గమనించాడు. దాని రెక్కల మీద మచ్చలున్నాయి. గోడమీద వాలినప్పుడు తోక పైకెత్తి కూర్చుంటుంది. ఆ దోమ రూపం అతని మనసులో నాటుకొన్నది. జూన్ నెలలో తిరిగి సికింద్రాబాదు చేరాడు.

ఆ వేసవి చివర, వానలు సరిగా పడక బేగంపేటలో ఉక్క దుర్భరంగా ఉన్నది. వైద్యశాలలోని చిన్న గదిలో రాస్ పనిచేస్తున్నాడు. పంకా విసిరితే కోసిన దోమలు ఎగిరిపోతాయి గనుక గాలి లేకుండానే కూర్చునేవాడు. నుదుటి చెమట కారి సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయి. దాని కంటి అద్దం పగిలింది. చిన్న ఈగలు ముఖం మీద ముసురుకొనేవి. వందలకొద్దీ దోమలను కోసినా ఫలితం శూన్యం. ఇంకొకరైతే విసిగి విడిచిపెట్టేవారే.

ఆగస్టు నెల నడుమ, దోమపిల్లలను తెచ్చి యిచ్చే సేవకుడు ఒక సీసాలో కొత్తరకం పిల్లలను తెచ్చాడు. వాటి నుండి గోధుమవన్నె గల దోమలు పుట్టాయి. 16వ తేదీ ఉదయం వైద్యశాల సహాయకుడు ఒకడు గోడమీద తోక ఎత్తి వాలిన దోమను రాస్‌కు వేలెత్తి చూపించాడు. తాను వెదకుతున్న జాతి అదేనని రాస్‌కు రూఢి అయింది. ఆ సహాయకుని పేరు మాత్రం చరిత్రకు ఎక్కలేదు. తాను ఆ పేరు మరచిపోయానని రాస్ తరువాతి కాలంలో విచారపడ్డాడు. వైద్యశాలలో ఊడ్చేవారి నుండి పక్కలు సర్దేవారి వరకు ప్రతి ఒక్కరి కన్నూ వైద్యునికి అక్కరకు వస్తుంది. వారు చూసినది చెప్పే వీలు, వారు చెప్పినది వినే ఓర్పు ఉన్నచోటనే రోగం జాడ దొరుకుతుంది.

అదే రోజు హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమతెరలో పడుకోబెట్టి, గోధుమవన్నె దోమలను అందులో వదిలారు. కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టజెప్పారు. రక్తం తాగిన దోమలను గాజు గొట్టాలలో భద్రపరచి, రోజుకు కొన్నింటిని కోసి చూస్తూ వచ్చాడు. కొన్ని చచ్చిపోయాయి. 20వ తేదీ మధ్యాహ్నానికి చేతిలో మిగిలినవి అతి స్వల్పం. అలసిన కన్నులతో ఒకదానిని కోసి, పొట్టగోడ మీద చూపు నిలిపాడు. మిల్లీమీటరులో దాదాపు నూరోవంతు వెడల్పు గల గుండ్రని కణం ఒకటి కనిపించింది. దోమ పొట్టలో సహజంగా ఉండే కణాలకు అది భిన్నంగా ఉంది. దాని లోపల నల్లని రేణువులున్నాయి. మలేరియా క్రిమిలో కనిపించే రేణువుల వంటివే అవి. మరునాడు మిగిలిన దోమను కోయగా, ఆ కణాలు ముందటి రోజుకంటె పెద్దవిగా ఉన్నాయి. అంటే క్రిమి దోమ శరీరంలో బతికి పెరుగుతున్నది. ఆ రాత్రి ఆ కవి హృదయం ఉప్పొంగి పద్యాలుగా ప్రవహించింది.

ఆ సంవత్సరం డిసెంబరులో బ్రిటిష్ వైద్య పత్రిక ఈ ఫలితాలను ప్రకటించింది. అయితే రాస్ ఆనందం నెల రోజులైనా నిలవలేదు. సెప్టెంబరులోనే ప్రభుత్వం అతనిని రాజపుతానాలోని ఖేర్వారా అనే మారుమూల స్థలానికి బదిలీ చేసింది. అక్కడ మలేరియా రోగులు దొరకడమే కష్టం. గెలుపు అంచుదాకా వచ్చి చేయి జారినట్లయింది. ఉద్యోగానికి రాజీనామా యిద్దామా అనికూడ ఆలోచించాడు. మాన్సన్ లండనులో పలుకుబడి ఉపయోగించగా, 1898 ప్రారంభంలో ప్రభుత్వం రాస్‌ను ప్రత్యేక పరిశోధన నిమిత్తం కలకత్తాకు పంపింది.

కలకత్తాలో వేరొక చిక్కు ఎదురైంది. అప్పుడు ప్లేగు భయం నగరాన్ని కమ్ముకొని ఉంది. వేలిమీద సూది గుచ్చి రక్తం తీస్తానంటే, అది ప్లేగు టీకా అని భయపడి జనం పారిపోయేవారు. రోగం ప్రబలిన వేళ ప్రజల విశ్వాసం పొందలేని వైద్యునికి పరిశోధన సాగదు. మనుషులు దొరకకపోగా రాస్ పక్షులవైపు తిరిగాడు. పిచ్చుకలకు, భరతపక్షులకు కూడ మలేరియా వంటి వ్యాధి ఉంది. మహమ్మద్ బక్ష్ అనే సహాయకుడు దోమలనూ పక్షులనూ సమకూర్చాడు. రోగం ఉన్న పక్షిని కుట్టిన దోమలో క్రిమి దినదినం ఏ రూపం ధరిస్తున్నదో రాస్ వరుసగా పరిశీలించాడు. 1898 జులైలో ఆ క్రిములు దోమ పొట్టను విడిచి, దాని లాలాజల గ్రంథులను చేరడం చూశాడు. దోమ కుట్టినప్పుడు క్రిమి లాలాజలంతో పాటు రక్తంలో దిగుతుందని బోధపడింది. తరువాత ఆరోగ్యంగా ఉన్న పిచ్చుకలను అలాంటి దోమల చేత కుట్టించాడు. వాటిలో ఎక్కువభాగం రోగగ్రస్తమయ్యాయి. దోమతెరలో కాపాడిన పిచ్చుకలు స్వస్థంగా ఉన్నాయి. ఈ విధంగా పోల్చి చూడడం వల్ల సందేహానికి తావు లేకపోయింది. అదే నెలలో ఎడిన్‌బరో నగరంలో జరిగిన వైద్యుల సభలో మాన్సన్ ఈ వార్తను వెల్లడించాడు. కొద్ది నెలలకే గ్రాసీ మొదలైన ఇటలీ శాస్త్రజ్ఞులు మానవులకు వచ్చే మలేరియాను అనాఫిలిస్ జాతి దోమలు మోస్తాయని సంపూర్ణంగా నిరూపించారు.

1899లో రాస్ భారతదేశం విడిచి, లివర్‌పూల్‌లో కొత్తగా వెలసిన ఉష్ణమండల వైద్య పాఠశాలలో అధ్యాపకుడుగా చేరాడు. అక్కడ నుండి అతని జీవితం రెండో ఘట్టంలో ప్రవేశించింది. రోగకారణం తెలిసింది కాబట్టి, రోగ నివారణ ఎలాగన్నది తరువాతి ప్రశ్న. పశ్చిమ ఆఫ్రికాలోని సియెరా లియోన్‌కు వెళ్లి దోమల పుట్టిళ్లను గాలించాడు. ప్రతి పట్టణంలో ఒక దోమల నిర్మూలన దళం ఉండాలని 1902లో గ్రంథం రచించాడు. ఆ దళంవారు ఇంటింటికీ తిరిగి పగిలిన కుండలు, పాత డబ్బాలు, నీటితొట్టులు బోర్లించాలి. గుంతలు పూడ్చాలి. పూడ్చలేని చోట కిరసనాయిలు చల్లాలి. పని జరిగిన తరువాత రోగుల సంఖ్య తగ్గిందో లేదో లెక్కించి చూడాలి. సూయెజ్ కాలువ ఒడ్డునగల ఇస్మాయిలియా పట్టణంలో ఈ పద్ధతి అద్భుత ఫలితం ఇచ్చింది. అక్కడ 1902లో 1,551 మందికి మలేరియా రాగా, 1903లో 214 మందికి, 1904లో 90 మందికి మాత్రమే వచ్చింది.

1904లో రాస్ పనామా దేశాన్ని సందర్శించాడు. వైద్యశాలలే రోగాన్ని ఎలా పంచగలవో తెలిపే గొప్ప నిదర్శనం ఆ దేశ చరిత్రలో ఉంది. అంతకు పూర్వం ఫ్రెంచివారు అక్కడ కాలువ తవ్వబూనినప్పుడు అంకోన్ అనే చోట అందమైన వైద్యశాలను నిర్మించారు. చీమలు మంచాలెక్కకుండ మంచంకోళ్ల కింద నీటిపళ్లెములు అమర్చారు. తోటలోని మొక్కల చుట్టూ నీటివలయాలు ఏర్పాటుచేశారు. కిటికీలకు తెరలు లేవు. ఆ పళ్లెములలోనే దోమలు పుట్టి, ఒక మంచం మీది జ్వరపీడితుని కుట్టి, పక్కమంచం మీది రోగిని కుట్టేవి. కాలు విరిగి చేరినవాడు పచ్చజ్వరంతోనో మలేరియాతోనో మరణించేవాడు. సేవచేసే సోదరీమణులు కూడ బలయ్యారు. సదుద్దేశంతో చేసిన ఏర్పాటే మృత్యుహేతువయింది. అమెరికావారు కాలువ పని చేపట్టినప్పుడు గోర్గాస్ అనే సైనిక వైద్యుడు నీటిపాత్రలు తొలగించి, కిటికీలకు సన్నని తీగతెరలు బిగించి, జ్వరపీడితులను తెరలలో ఉంచాడు. క్యూబాలో వాల్టర్ రీడ్ బృందం పచ్చజ్వరం గురించి చేసిన పరిశోధన, బేగంపేట, కలకత్తాలలో రాస్ చేసిన పరిశోధన అతనికి దారిదీపాలయ్యాయి. 1914లో పనామా కాలువ పూర్తయింది.

1902లో రాస్‌కు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఆ గౌరవం పొందిన మొదటి బ్రిటిష్ పౌరుడు అతడే. భారతదేశంలో జన్మించి నోబెల్ బహుమతి పొందినవారిలోనూ అతడే ప్రథముడు. 1911లో సర్ బిరుదు వచ్చింది. బాల్యంలో ప్రేమించిన గణితం కూడ అతనికి తోడ్పడింది. ఒక ఊరిలోని దోమలన్నిటినీ చంపనక్కరలేదని, వాటి సంఖ్యను ఒక హద్దుకు దిగువకు తెస్తే చాలునని, ఆపై రోగం దానంతట అదే క్షీణిస్తుందని సమీకరణాలతో నిరూపించాడు. అంటువ్యాధుల వ్యాప్తిని గణితంతో అంచనావేసే నేటి శాస్త్రానికి అది పునాదులలో ఒకటి.

మహనీయుల జీవితాలలో మచ్చలుండవని చెప్పడం సత్యదూరం. రాస్ ముక్కోపి. కీర్తి విషయంలో గ్రాసీతో దీర్ఘకాలం కలహించాడు. దారి చూపిన గురువు మాన్సన్ మీద కూడ న్యాయస్థానానికెక్కాడు. ప్రభుత్వం తన సేవకు తగిన ప్రతిఫలం ఇవ్వలేదని వేదనపడ్డాడు. మొదటి ప్రపంచయుద్ధ ప్రారంభంలోనే, 1914లో, పెద్దకుమారుడు రణరంగంలో మరణించాడు. వార్ధక్యంలో తన కాగితాలనూ లేఖలనూ అమ్ముకోవలసి వచ్చింది. 1926లో లండనులో అతని పేరిట ఒక పరిశోధనాలయాన్ని, వైద్యశాలను స్థాపించడం కొంత ఊరట. 1927లో కలకత్తాకు వచ్చి, తాను పనిచేసిన చోట నిర్మించిన స్మారక ద్వారాన్ని చూసుకొన్నాడు. 1932 సెప్టెంబరు 16న కన్నుమూశాడు.

బేగంపేట భవనం నేడు ఉస్మానియా విశ్వవిద్యాలయ అధీనంలో, రాస్ పేరిట పరాన్నజీవశాస్త్ర సంస్థగా ఉంది. నల్లకుంటలోని జ్వరాల ఆసుపత్రికీ ఆయన పేరే పెట్టారు. ఏటా ఆగస్టు 20వ తేదీని ప్రపంచ దోమల దినోత్సవంగా జరుపుతున్నారు. అయినా దోమ ఓడిపోలేదు. డెంగీ జ్వరాన్ని మోసే చారల దోమ ఇంటి కుండీలలో, చల్లగాలి యంత్రాల నీటిలో, మేడమీది తొట్టులలో నిశ్శబ్దంగా పెరుగుతున్నది. వానకాలంలో అమీర్‌పేట, పంజాగుట్టల వైద్యశాలలు జ్వరపీడితులతో నిండిపోతాయి. అక్కడ ఒక పక్కమీది రోగం మరో పక్కకు పాకకుండ చూడడం నేటి వైద్యుల ముందున్న సమస్య. చేతులు కడగడం, పరికరాలను శుద్ధిచేయడం, రోగిని వేరుగా ఉంచడం, తెరలు కట్టడం, నీరు నిలవకుండ చేయడం, వచ్చిన ప్రతి రోగిని లెక్కలో రాయడం దానికి ఉపాయాలు. ఈ పనులలో ఏ ఒక్కదానికీ మహామేధ అవసరం లేదు. నిత్యజాగరూకత అవసరం.

చెమటకు తుప్పుపట్టిన సూక్ష్మదర్శినితో, పగిలిన అద్దంతో, రెండేండ్ల వైఫల్యం తరువాత కూడ చివరి దోమను సైతం శ్రద్ధగా కోసి చూసిన రాస్ జీవితం మనకు ఆ జాగరూకతనే బోధిస్తున్నది. గోడమీద వాలిన దోమను వేలెత్తి చూపిన ఆ పేరెరుగని సహాయకునికి కూడ మనం ఋణపడి ఉన్నాము. బేగంపేట మీదుగా వెళ్లేవారు ఒక్క నిమిషం ఆగి ఆ పాత భవనం వైపు చూస్తే ఆ ఋణంలో కొంతైనా తీరుతుంది.

కఠిన పదాలకు అర్థాలు

జనసమ్మర్దం = జనుల ఒత్తిడి
నెలవు = నివాసస్థానం
జ్యేష్ఠుడు = పెద్దవాడు
విషమజ్వరం = విడిచి విడిచి వచ్చే జ్వరం
పదాతి దళం = కాలిబలం
రూఢి = నిశ్చయం
రేణువు = అతిచిన్న కణం
మృత్యుహేతువు = చావుకు కారణమైనది
వార్ధక్యం = ముసలితనం
జాగరూకత = మెలకువ, అప్రమత్తత

ప్రశ్నలు

అ) కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. బేగంపేట వైద్యశాలలో రాస్ చేసిన పరిశోధనను వివరించండి.
2. రోగం ప్రబలినప్పుడు దాని మార్గాన్ని కనిపెట్టే పద్ధతిని పాఠం ఆధారంగా తెలపండి.

ఆ) కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. బెంగుళూరులో నీటితొట్టి ఉదంతం రాస్‌కు ఏమి నేర్పింది?
2. కలకత్తాలో రాస్ పక్షులను ఎందుకు ఆశ్రయించాడు?
3. అంకోన్ వైద్యశాలలో రోగులు మరణించడానికి కారణమేమి?
4. పేరెరుగని సహాయకునికి మనం ఎందుకు ఋణపడి ఉన్నాము?